కడప దగ్గర మా చర్చిలో ‘ఎస్టీ, బ్రాటిల్‌బరో’ అని రాసిన పాత తొక్కుడు ఆర్గాన్ ఉంది. ఆ కంపెనీ ఇంకా ఉందా? బాగు చేయించవచ్చా?

కంపెనీ 1960లోనే మూతపడింది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉన్న బ్రాటిల్‌బరోలో ప్లంబింగ్ పని చేసే జేకబ్ ఎస్టీ 1850ల్లో ఈ వ్యాపారంలోకి వచ్చాడు. తర్వాత కొడుకు జూలియస్, అల్లుడు లీవై ఫుల్లర్ కలిశారు. అగ్నిప్రమాదాల దెబ్బ తిన్నాక కొత్త ఫ్యాక్టరీ గోడలకు పలకరాయి తొడిగించారు. మొత్తం 5 లక్షలకు పైగా రీడ్ ఆర్గాన్లు (గాలికి అదిరే లోహపు రీడ్లతో మోగేవి) చేశారు. 1901 నుంచి పైపు ఆర్గాన్లు కూడా.

బాగు చేయించవచ్చు. మన హార్మోనియం గాలిని బయటికి తోస్తుంది, ఇది లోపలికి పీలుస్తుంది. అందుకే దుమ్ము నేరుగా రీడ్ల మీదికి చేరుతుంది. మోగని రీడ్‌ను కొక్కెంతో లాగి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, అదే గాడిలో పెట్టండి. శ్రుతి కోసం రీడ్ నాలుకను (అదిరే సన్నటి రేకును) గీకకండి: కొన దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది, పోయిన లోహం మళ్లీ రాదు.

వదిలినా ఒక మెట్టు మోగుతూనే ఉంటే, దాని కింది మూత తోలులో చెత్త ఇరుక్కుని ఉంటుంది, లేదా వానాకాలపు చెమ్మకు చెక్క ఉబ్బి ఉంటుంది.

ఎంత తొక్కినా గాలి నిలవకపోతే తిత్తుల రబ్బరు గుడ్డ పగిలినట్టే. మన ఎండలకు అది మామూలే. అతుకులు వేయకుండా గుడ్డంతా మార్చండి. చెక్క అతుకులకు వజ్రం జిగురే (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) వాడండి. ఫెవికాల్ వేస్తే మళ్లీ విప్పేటప్పుడు చెక్క చీలుతుంది.