ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చొచ్చా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఎండలు ముదిరినప్పటి నుంచి మూడుసార్లు ముక్కు నుంచి రక్తం కారింది. ఒకసారి కుడివైపు, రెండుసార్లు ఎడమవైపు. పది, పదిహేను నిమిషాలకు ఆగిపోతోంది. మా అత్తగారు వేడి చేసిందని తల వెనక్కి వాల్చి, మాడు మీద చన్నీళ్లు కొడతారు. మొన్న రాత్రి రక్తం ఆగాక నల్లగా వాంతి చేసుకున్నాడు. తలలో ఏమైనా ఉందేమోనని టెన్షన్‌గా ఉంది. స్కాన్ తీయించాలా?
– ఒక తల్లి, కొత్తగూడెం

జవాబు: ముందు ఆ వాంతి సంగతి చెబుతానమ్మా, మిమ్మల్ని ఎక్కువ భయపెట్టింది అదే కదా. తల వెనక్కి వాల్చితే రక్తం ఆగదు, గొంతులోంచి కడుపులోకి దిగుతుంది. అక్కడి ఆమ్లం తగిలి కాఫీ పొడి రంగుకు తిరుగుతుంది. మింగిన రక్తం కడుపులో ఇమడక వాంతి అవుతుంది. మీరు రాసినదాన్ని బట్టి జరిగింది ఇదే అయివుంటుంది. స్కాన్ అవసరం కనిపించడం లేదు.

వేడి చేసిందన్న మీ అత్తగారి మాటలో సగం నిజముంది. ముక్కు రెండు రంధ్రాల మధ్య గోడ ముందు భాగంలో సన్నటి రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. దాన్ని మేం లిటిల్స్ ఏరియా అంటాం. పిల్లల్లో దాదాపు ఎప్పుడూ రక్తం వచ్చేది అక్కడి నుంచే. పొడి వేడిగాలికి, ఏసీకి ఆ పొర ఎండి పక్కు కడుతుంది. దురద పుట్టి వాడు వేలు పెడతాడు. మిగతా పని గోరు చేస్తుంది.

ఈసారి రక్తం వస్తే బాబును కూర్చోబెట్టి తల కొంచెం ముందుకు వంచండి. బొటనవేలు, చూపుడువేలుతో ముక్కు కింది మెత్తటి భాగాన్ని, రెండు రంధ్రాలూ మూసుకునేలా నొక్కి పట్టండి. నోటితో గాలి పీల్చమనండి. నోట్లోకి వచ్చిన రక్తం మింగకుండా గిన్నెలోకి ఉమ్మమనండి. 'ముక్కు ఎక్కడ పట్టుకుంటారో చూపించండి' అని నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులను అడుగుతుంటాను. చాలామంది వేళ్లు కళ్లజోడు ఆనే గట్టి ఎముక మీదికే వెళ్తాయి. అక్కడ ఎంత నొక్కినా లాభం లేదు.

ఇక రెండో పొరపాటు, ఆగిందా లేదా అని నిమిషానికోసారి వేళ్లు తీసి చూడటం. అప్పుడే గడ్డకడుతున్న రక్తం ఊడిపోయి లెక్క మళ్లీ మొదటికొస్తుంది. గడియారం చూసి పది నిమిషాలు వదలకుండా పట్టుకోండి. ఆగకపోతే ఇంకో పది నిమిషాలు. ఇంత ఓపిక పిల్లలకు ఉండదు కాబట్టి టీవీలో కార్టూన్ పెట్టండి, నేనేమీ అనుకోను. గిన్నెలో నీళ్లుంటే చెంచాడు రక్తం కూడా గిన్నెడులా కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు.

చన్నీళ్ల వల్ల హాని లేదు, కానీ నొక్కి పట్టడం మానేసి అదొక్కటే చేస్తే ఫలితం ఉండదు. గరిక రసం, ఉల్లి రసం ముక్కులో పోయకండి. దూది కుక్కితే తీసేటప్పుడు పక్కు ఊడి మళ్లీ కారుతుంది.

ఆగాక ఒక రోజంతా ముక్కు గట్టిగా చీదనివ్వొద్దు, పరుగులాటలు వద్దు, వేడివేడి పాలు వద్దు. తర్వాత రెండు వారాలు రోజూ సెలైన్ నాసల్ డ్రాప్స్ వేసి, పొద్దున, రాత్రి పెసరగింజంత పెట్రోలియం జెల్లీ రంధ్రాల అంచున లోపలివైపు రాయండి. గోళ్లు కత్తిరించండి. అయినా తరచూ వస్తుంటే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. ఆ రక్తనాళాన్ని మందుతో కాల్చి మూసేస్తారు, చిన్న పనే.

ఇరవై నిమిషాలు సరిగ్గా నొక్కినా ఆగకపోయినా, ధారగా కారుతున్నా, దెబ్బ తగిలాక వచ్చినా, పిల్లవాడు పాలిపోయి సోలిపోతున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరంతో పాటు రక్తం వచ్చినా, ఒంటి మీద ఎర్రచుక్కలో కమిలిన మచ్చలో కనిపించినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా ఆలస్యం చేయొద్దు. వానాకాలంలో డెంగీ ఉందేమో చూడాలి. అలాంటి జ్వరానికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వకూడదు. ఒకే రంధ్రం నుంచి కంపు కొట్టే చీముతో రక్తం వస్తే ముక్కులో బలపం ముక్కో పూసో ఇరుక్కుందేమో చూపించండి.

మీ అత్తగారు గుండెకు రక్తం పలచబరిచే మాత్రలేమైనా వాడుతుంటే, ఆమెకు ముక్కు నుంచి రక్తం వచ్చినా ఇలాగే నొక్కి పట్టండి. అయితే ఆమె విషయంలో ఆగింది కదా అని ఊరుకోకుండా బీపీ చూపించండి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.