షంట్ రీడింగ్ ఎక్కువ వస్తోందంటే ముందు రాగిని అనుమానించండి

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇదీ: 24 వోల్టుల డీసీ మోటార్ డ్రైవర్, గ్రౌండ్ వైపు 1 మిల్లీఓం షంట్ (కరెంట్ కొలవడానికి దాని దారిలో పెట్టే చిన్న రెసిస్టర్), దాని వెనక ఎల్‌ఎం358 అనే యాంప్లిఫయర్ చిప్‌తో 50 రెట్ల గెయిన్, అంటే షంట్ మీది వోల్టేజ్‌ను అన్ని రెట్లు పెంచడం. మోటార్ ఆపేసినా 2 ఆంపియర్లు చూపిస్తోంది. క్లాంప్ మీటర్ 10 అంటుంటే బోర్డు 14 అంటోంది. వేడెక్కే కొద్దీ ఆ అంకె ఇంకా పైకి పాకుతోంది. ఇంతకీ షంట్ మార్చాలా, ఏడీసీ (వోల్టేజ్‌ను అంకెగా మార్చే భాగం) మార్చాలా అని అడిగారు.

ఇప్పుడే ఏదీ మార్చకండి. మీరు చెప్పిన 14లో కనీసం రెండు వేర్వేరు తప్పులు కలిసి ఉన్నాయి. వాటిని విడదీయకుండా ఏ పార్టు మార్చినా అంకె మారుతుందే తప్ప తప్పు పోదు. ఇది నేను నెల రోజులు తగలేసుకుని నేర్చుకున్నాను.

నాదీ దాదాపు ఇలాంటి బోర్డే. 10 ఆంపియర్లకు 12 చూపించేది. గెయిన్ రెసిస్టర్లు కొలిచాను, సరిగ్గానే ఉన్నాయి. విసుగొచ్చి ప్రోగ్రాములో 0.833తో గుణించేశాను. టేబుల్ మీద బ్రహ్మాండంగా పనిచేసింది. బోర్డును పెట్టెలో పెట్టి పావుగంట నడిపితే 10 కాస్తా 10.3 అయింది. చల్లారితే మళ్లీ 10. అప్పుడు గానీ బుర్ర వెలగలేదు: వేడికి ఇలా కదిలేది షంట్ కాదు, రాగి.

షంట్ లోపల ఉండేది మాంగనిన్ లాంటి మిశ్రమలోహం. 1892లో ఎడ్వర్డ్ వెస్టన్ దాన్ని తయారుచేసిందే వేడికి నిరోధం మారకూడదని. రాగి అలా కాదు, ప్రతి డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. నా పీసీబీలో (సర్క్యూట్ బోర్డులో) సెన్స్ ట్రాకులు, అంటే షంట్ వోల్టేజ్‌ను యాంప్లిఫయర్‌కు చేర్చే రాగి గీతలు, షంట్ ప్యాడ్ల లోపలి అంచు నుంచి కాకుండా, బయట కరెంట్ పారే వెడల్పాటి రాగి నుంచి బయల్దేరాయి. 35 మైక్రాన్ల రాగి పొరలో ఏ సైజు చదరం తీసుకున్నా ఎదురెదురు అంచుల మధ్య సుమారు అర మిల్లీఓం ఉంటుంది. అంటే అర చదరం కూడా లేని ముక్క చాలు, 1 మిల్లీఓం షంట్‌కు 0.2 కలిసిపోవడానికి. నా 20 శాతం అదే. 50 డిగ్రీలు వేడెక్కితే ఆ 0.2 కాస్తా 0.24 అవుతుంది. లెక్క కట్టి చూస్తే 10.3 దగ్గరే తేలింది. ఇన్నాళ్లూ ప్రోగ్రాములో దిద్దుతున్నది రాగిని అని తెలిసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీరు ఇది చేయండి. మోటార్ తీసేసి, కరెంట్ లిమిట్ ఉన్న బెంచ్ సప్లైతో షంట్ గుండా సరిగ్గా 10 ఆంపియర్లు పంపండి. మల్టీమీటర్‌ను 200 మిల్లీవోల్ట్ రేంజిలో పెట్టి, మొనలు సన్నగా ఉన్న ప్రోబులతో షంట్ ఒంటి మీద, రెండు ప్యాడ్ల లోపలి అంచుల దగ్గర కొలవండి. తర్వాత యాంప్లిఫయర్ వైపు, సెన్స్ ట్రాకులు చేరే చోట కొలవండి. మొదటిది 10.0, రెండోది 12.0 మిల్లీవోల్టులు వస్తే దొంగ దొరికినట్టే. రెండూ ఒకటే వస్తే మీ లేఅవుట్ బాగుంది, తప్పు ముందుకెళ్లి వెతకాలి.

దొరికితే బోర్డు పారేయక్కర్లేదు. నేను బ్లేడుతో ఆ ట్రాకులు తెంపి, సన్నటి ఎనామిల్ తీగలు రెండు షంట్ లోపలి అంచులకు సోల్డర్ చేసి, మెలిపెట్టి యాంప్లిఫయర్ దాకా తీసుకెళ్లాను. చూడ్డానికి అసహ్యంగా ఉంది గానీ వేడికి కదలడం మానేసింది. తర్వాతి బోర్డులో కెల్విన్ కనెక్షన్ సరిగ్గా గీశాను: ఒక్కో ప్యాడ్ లోపలి అంచు మధ్య నుంచి ఒక్కో సన్న ట్రాకు, రెండూ పక్కపక్కనే, మధ్యలో ఇంకే కరెంటూ తగలకుండా.

ఇక మీ 14లో రెండో తప్పు, సున్నా దగ్గర 2 ఆంపియర్లు. ఇది ఎల్‌ఎం358 ఆఫ్‌సెట్, అంటే ఇన్‌పుట్ సున్నా ఉన్నా చిప్ తనంతట తాను కలిపే చిన్న వోల్టేజ్. మామూలుగానే దానికి 2 మిల్లీవోల్టుల దాకా ఉంటుంది, మీ షంట్‌లో 2 మిల్లీవోల్టులంటే 2 ఆంపియర్లే. ఒక రకంగా మీ అదృష్టం బాగుంది, తప్పు పైకి వెళ్లింది కాబట్టి కంటికి కనిపించింది. కిందికి వెళ్లి ఉంటే, నెగటివ్ వోల్టేజ్ లేని సింగిల్ సప్లై మీద మొదటి 2 ఆంపియర్లూ సున్నాగానే కనిపించేవి, మీకు అనుమానం కూడా వచ్చేది కాదు. సున్నా రీడింగును ప్రోగ్రాములో తీసేయొచ్చు, కానీ ఆ ఆఫ్‌సెట్ కూడా డిగ్రీకి 7 మైక్రోవోల్టులంత కదులుతుంది. 50 డిగ్రీలకు 0.35 ఆంపియర్. వెయ్యి శాంపిళ్లు సగటు తీస్తే పోతుందేమో అని ఒకరు సలహా ఇచ్చారు, పోదు. సగటు నాయిస్‌ను తగ్గిస్తుంది, ఆఫ్‌సెట్‌ను ముట్టుకోదు.

షంట్‌ను పాజిటివ్ వైపుకి మార్చాలన్న ఆలోచన మీకు ఉంది కదా, 1 శాతం రెసిస్టర్లతో మాత్రం ఆ పని చేయకండి. అక్కడ షంట్ రెండు కొసలూ 24 వోల్టుల మీద ఉంటాయి, వాటి మధ్య తేడాను మాత్రమే తీయడానికి ఆప్‌యాంప్ చుట్టూ నాలుగు రెసిస్టర్లు కావాలి. ఆ నాలుగూ చెడ్డ వైపుకే జరిగితే, 50 గెయిన్ దగ్గర కామన్ మోడ్ తిరస్కరణ (రెండు కొసలకూ ఉమ్మడిగా ఉన్న వోల్టేజ్‌ను అణచడం) 1275 రెట్లు మాత్రమే. 24 వోల్టులను దానితో భాగిస్తే 19 మిల్లీవోల్టులు, అంటే మీ షంట్ మీద 19 ఆంపియర్ల అబద్ధం! 0.1 శాతం రెసిస్టర్లు వేసినా దాదాపు 2 ఆంపియర్లు మిగులుతుంది, పైగా బ్యాటరీ వోల్టేజ్ దిగే కొద్దీ అదీ మారుతుంది. ఐఎన్‌ఏ240 లాంటి కరెంట్ సెన్స్ యాంప్లిఫయర్లో రెసిస్టర్లు చిప్ లోపలే సరిచేసి ఉంటాయి, ఆఫ్‌సెట్ ఎక్కువలో ఎక్కువ 25 మైక్రోవోల్టులు. మీ షంట్ మీద అది 25 మిల్లీఆంపియర్లు. డబ్బు పెట్టాలనుకుంటే ఏడీసీ మీద కాదు, ఇక్కడ పెట్టండి.

షంట్ విలువ పెంచడం తప్పేం కాదు. 20 ఆంపియర్ల దగ్గర 1 మిల్లీఓంలో 0.4 వాట్, 2 అయితే 0.8 వాట్, 5 అయితే 2 వాట్లు. నేనైతే 2 దగ్గర ఆగుతాను.

మోటార్ నడుస్తున్నప్పుడు మాత్రమే రీడింగ్ గెంతుతుంటే అది వేరే జబ్బు. షంట్‌కు కొద్దిపాటి ఇండక్టెన్స్ ఉంటుంది. 3 నానోహెన్రీలే అనుకున్నా, కరెంట్ మైక్రోసెకనుకు 10 ఆంపియర్ల చొప్పున మారితే 30 మిల్లీవోల్టుల స్పైక్ వస్తుంది, మీ అసలు సిగ్నల్ కంటే పెద్దది. సెన్స్ ట్రాకులు రెండింట్లో చెరో 10 ఓంలు, వాటి మధ్య 150 నానోఫారడ్ కెపాసిటర్ పెడితే షంట్ టైమ్ కాన్‌స్టెంట్‌కు (ఇండక్టెన్స్‌ను నిరోధంతో భాగిస్తే వచ్చే 3 మైక్రోసెకన్లకు) సరిపోతుంది. 10 ఓంల కంటే పెంచకండి, యాంప్లిఫయర్ ఇన్‌పుట్ లాగే కరెంటుతో గెయిన్ తేడా వస్తుంది. ఏడీసీ శాంపిల్‌ను పీడబ్ల్యూఎం (మోటార్ వేగం కోసం కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే పద్ధతి) ఆన్ సమయం మధ్యలో తీయండి, స్విచ్ మారే అంచు దగ్గర కాదు.

క్యాలిబ్రేషన్ ఇవన్నీ అయ్యాకే. ఒక రీడింగు సున్నా దగ్గర, ఒకటి 15 ఆంపియర్ల దగ్గర, బోర్డు వేడెక్కాక. అన్నట్టు, క్లాంప్ మీటర్‌ను ప్రమాణంగా పెట్టుకోవద్దు. డీసీలో చాలావాటికి 2, 3 శాతం తేడా మామూలే, కొలిచే ముందు జీరో బటన్ నొక్కకపోతే ఇంకా ఎక్కువ.

ముందు ఆ రెండు మిల్లీవోల్ట్ రీడింగులు తీసి ఇక్కడే కింద రాయండి. వీలైతే షంట్ చుట్టూ ఉన్న లేఅవుట్ ఫోటో కూడా పెట్టండి, ట్రాకులు ఎక్కడి నుంచి బయల్దేరాయో చూద్దాం.