తీసిన రక్తంలోనూ చక్కెర కరుగుతూనే ఉంటుంది

బైపీసీ చదివే అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "గ్లైకాలిసిస్‌లో పది మెట్లూ బట్టీ పడుతున్నాను. కణం చక్కెరను విడగొట్టి శక్తి తీసుకోవడం గురించి తెలిస్తే పరీక్షల బయట ఎక్కడైనా పనికొస్తుందా?"

పనికొస్తుందమ్మా. పద్నాలుగేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను, ఆ పది మెట్లూ రోజూ నా చేతిలోని ట్యూబుల్లోనే నడుస్తుంటాయి. సూదితో లాగగానే రక్తం పని అయిపోయిందనుకుంటారు చాలామంది. అందులో కణాలు బతికే ఉంటాయి. చుట్టూ ఉన్న చక్కెరను తింటూనే ఉంటాయి.

మా బాబాయికి షుగరు. ఆరేళ్ల కిందట మే నెలలో ఊళ్లోనే పరగడుపు రక్తం ఇచ్చాడు. పొద్దున్న ఆరున్నరకు తీశారు, మామూలు ఎర్రమూత ట్యూబులో. ఐసు లేదు. ఊరూరా తిరిగి శాంపిళ్లు పోగేసే కుర్రాడి బండి డిక్కీలో పడి అది పట్నం చేరేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. రిపోర్టులో 82 వచ్చింది. బాబాయి సంబరపడిపోయి రాత్రి మాత్ర తనంతట తనే మానేశాడు. మూడు వారాలకు పిన్ని ఫోను: "రాత్రికి నాలుగుసార్లు లేస్తున్నార్రా. చెంబుతో నీళ్లు పక్కనే పెట్టుకుని పడుకుంటున్నారు."

తెల్లారే వాళ్లను మా ల్యాబుకు రమ్మన్నాను. ఒకే చేతికి ఒకే సూది గుచ్చి రెండు ట్యూబులు నింపాను. ఒకటి, కణాలు చక్కెరను తినడాన్ని అడ్డుకునే ఫ్లోరైడు ఉన్న బూడిదరంగు మూతది. దాన్ని ఐసు ముక్కల్లో పెట్టి, పావుగంట లోపే సెంట్రిఫ్యూజ్‌లో, అంటే ట్యూబులను గిర్రున తిప్పే యంత్రంలో, తిప్పాను. కణాలు అడుగుకు దిగి, రక్తంలోని ద్రవభాగం ప్లాస్మా పైకి తేరింది. 211. రెండోది ఎర్రమూతది, దాన్ని కావాలనే కిటికీ గట్టు మీద ఒంటిగంట దాకా వదిలేశాను. రక్తం జున్నుముక్కలా గడ్డకట్టి, చుట్టూ పసుప్పచ్చటి సీరం ఊరింది. దాన్ని మెషీన్లో పెడితే 149. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే బాబాయి చాలాసేపు మాట్లాడలేదు.

ఆ తగ్గిన 62 ఎక్కడికి పోయిందో తెలిస్తే నీ ప్రశ్నకు జవాబు తెలిసినట్టే. రక్తంలో ఎక్కువ ఉండేవి ఎర్ర కణాలు. వాటికి మైటోకాండ్రియా, అంటే ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే కణభాగాలు, లేవు. ఒళ్లంతటికీ ఆక్సిజన్ మోస్తాయి గానీ, అందులో రవ్వంత కూడా తమ శక్తి కోసం వాడుకోలేవు. వాటి బతుకంతా గ్లైకాలిసిస్ మీదే. ఆరు కార్బన్ల గ్లూకోజు రెండు ముక్కలవుతుంది. కణం శక్తిని ఖర్చుపెట్టే నాణెం లాంటి అణువు ఏటీపీ. ముందు రెండు ఏటీపీలు పెట్టుబడి పెడితే నాలుగు వస్తాయి, మిగిలేది రెండు. చివర తేలిన పైరువిక్ ఆమ్లం లాక్టిక్ ఆమ్లమైపోతుంది. కండరంలోనో గుండెలోనో అయితే అదే పైరువిక్ ఆమ్లం మైటోకాండ్రియాలోకి వెళ్లి, ఆక్సిజన్ సాయంతో కార్బన్ డయాక్సైడూ నీరూ అయ్యేదాకా విడిపోతుంది. అప్పుడు ఒక్క గ్లూకోజుకు సుమారు 30 ఏటీపీలు. గైడ్లలో ఇంకా 38 అనే వేస్తున్నారు, పిల్లలు అదే రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. ఆ ఏటీపీని కండరంలోంచి వేరుచేసి 1929లో లోకానికి చూపినవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. నేను చదివిన జూనియర్ కాలేజీలో ఏటీపీ అన్న మాట వెయ్యిసార్లు విన్నాను, ఆయన పేరు ఒక్కసారి కూడా వినలేదు. తెలుగు పిల్లలకు ఆ పాఠం ఆయన పేరుతోనే మొదలుపెట్టాలి.

ట్యూబు సంగతికొస్తే, కణాలతో కలిపి బయట ఉంచేసిన రక్తంలో గంటకు 5 నుంచి 7 శాతం చక్కెర తగ్గిపోతుంది. ఎండాకాలం ఇంకా ఎక్కువ. బూడిదరంగు మూత ఉంటే చాలు, ఎంతసేపైనా ఉంచవచ్చనుకునేవాళ్లు మా వృత్తిలోనే ఉన్నారు. అది తప్పు. ఫ్లోరైడు ఆపేది ఎనొలేజ్ అనే ఎంజైమును, అంటే నువ్వు బట్టీ పడుతున్న పదిలో తొమ్మిదో మెట్టు. గ్లూకోజును లోపలికి లాక్కునే మొదటి మెట్లు గంటకు పైగా నడుస్తూనే ఉంటాయి. అందుకే ఐసులో పెట్టాలి, వెంటనే తిప్పి కణాలను వేరుచేయాలి. ఏ మెట్టు దగ్గర ఏది ఆగుతుందో తెలియని మనిషికి ఈ తేడా ఎలా అర్థమవుతుంది?

రక్తం తీసిన టైము ట్యూబు మీద ఉండాలి. రోజూ నా టేబుల్ మీదికొచ్చే వాటిలో చాలావాటికి ఉండదు. బాబాయి ట్యూబు మీద మాత్రం పిన్ని పక్కన నిలబడి తనే బాల్‌పెన్నుతో రాస్తుంది.