ఎస్సెన్‌లో కొన్న గలేబు, మ్యూల్‌హైమ్‌లో తెలిసిన సంగతి

జర్మనీలో చవక ధరల సూపర్ మార్కెట్లయిన ఆల్డి నార్డ్, ఆల్డి జ్యూడ్ ఒకే కంపెనీవా, ఒకదానిలో కొన్న వస్తువును మరోదానిలో తిరిగి ఇవ్వవచ్చా అని మీరు అడిగారు. రెండూ వేర్వేరు కంపెనీలు, కనుక ఇవ్వడం కుదరదు. ఈ సంగతి నాకు ఒక రజాయి గలేబు వల్ల తెలిసింది.

ఎస్సెన్‌లో చదువుకుంటున్న రోజుల్లో, కొలత చూసుకోకుండా నా రజాయికి చాలని గలేబు ఒకటి అక్కడి ఆల్డిలో కొన్నాను. శనివారం సాయంత్రం మ్యూల్‌హైమ్‌లోని మిత్రుడి ఇంటికి వెళ్తూ, మర్నాడు ఆదివారం దుకాణాలు తెరవరు గనుక, గలేబు తిరిగి ఇచ్చే పని కూడా ముగించుకుందామని అక్కడి ఆల్డిలో వరుసలో నిలబడ్డాను. (వీసా రుసుము పైసలతో సహా లెక్క చెప్పే మన కన్సల్టెన్సీల వారు ఈ ఆదివారం సంగతి ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.) గల్లాపెట్టె దగ్గరున్న ఆవిడ రశీదు చూసి నవ్వి, "ఇది నార్డ్ వాళ్లది, మేము జ్యూడ్" అన్నారు. నన్ను వదిలించుకోవడానికే అలా అంటున్నారనుకుని నేను రశీదు మీది పేరునూ, గోడ మీది పేరునూ మార్చి మార్చి చూపించాను. చివరకు నా వెనుక నిలబడిన పెద్దాయన జాలిపడి, బయటకు వచ్చాక అసలు కథ చెప్పారు.

ఎస్సెన్ శివారులోని షోన్నెబెక్‌లో తల్లి నడిపిన చిన్న కిరాణా కొట్టును కార్ల్, థియో ఆల్‌బ్రెక్ట్ అనే అన్నదమ్ములు 1946లో చేతుల్లోకి తీసుకుని వందల దుకాణాలుగా పెంచారు. 1960ల మొదట్లో సిగరెట్లు అమ్మాలా వద్దా అన్న దగ్గర మాట కుదరక, ఉత్తరం (నార్డ్) థియోకూ దక్షిణం (జ్యూడ్) కార్ల్‌కూ అని దేశాన్నే పంచుకున్నారని చెబుతారు. చట్టరీత్యా 1966లో పూర్తిగా వేరయ్యారు. నార్డ్ కేంద్ర కార్యాలయం ఎస్సెన్‌లో, జ్యూడ్‌ది పక్కనే ఉన్న మ్యూల్‌హైమ్‌లో ఉన్నాయి. అంటే నేను ఈ రెండు ఊళ్లనూ కలిపే యు18 రైలెక్కి అన్నదమ్ముల పొలం గట్టు దాటి వచ్చానన్నమాట.

జానెడు గట్టు కోసం రెండు తరాలు కోర్టు మెట్లెక్కిన మా తాతల కుటుంబాన్ని చూసినవాణ్ణి కనుక, నాకు ఆ చవక ధరల కంటే ఈ పంపకమే గొప్పగా తోస్తుంది. ఇంటిపేరు నుంచి వచ్చిన ఆల్డి అనే పేరును ఇద్దరూ ఉంచుకున్నారు, జర్మనీలో ఒకరి ప్రాంతంలోకి మరొకరు రాలేదు, పోట్లాటకు పెట్టవలసిన డబ్బును వ్యాపారంలో పెట్టారు. తక్కువ రకాల సరుకులు, వాటిలో ఎక్కువ సొంత బ్రాండ్లే కావడం, అట్టపెట్టెల్లోనే పేర్చి ఉంచడం, ఒక యూరో నాణెం పెడితేనే కదిలే బండి వంటి పొదుపులన్నీ గొప్పతనంలో ఈ పంపకం తర్వాతి మాటేనని నా గట్టి నమ్మకం. నేటికీ ఈ రెండు సంస్థలూ కుటుంబ ఫౌండేషన్ల చేతుల్లోనే ఉన్నాయి.

అమెరికాలో ఈ పంపకం ఇంకా తమాషాగా ఉంటుంది. అక్కడి ఆల్డి దుకాణాలు జ్యూడ్ వారివి. నార్డ్ వైపు కుటుంబం చేతిలో ఉన్నది 1979లో కొన్న ట్రేడర్ జోస్ అనే మరో కిరాణా దుకాణాల సంస్థ. డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఆల్డిలో పాలు, ట్రేడర్ జోస్‌లో జీడిపప్పు కొంటూ, వాటికి ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేదని నాతో చాలాకాలం వాదించాడు.

నా గలేబు డబ్బు సోమవారం ఎస్సెన్‌లో మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చారు. మీరు కూడా రశీదు దాచుకుని, అది ఏ ఊరి దుకాణానిదో చూసుకుని బయలుదేరండి.