పట్టిక పంపే ముందు ఒక మాట

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నిన్న ఫోన్లోనే నీ టెన్షన్ తెలిసింది. బడికి హెడ్మాస్టరుగా చేరి రెండు నెలలు కూడా కాలేదు, అప్పుడే ఎఫ్ఏ 1, అంటే ఏడాదిలో మొదటి చిన్న పరీక్ష మార్కులు ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ, ఆడపిల్లలు, మగపిల్లలు అని విడదీసి పై ఆఫీసుకు పట్టిక పంపమన్నారు. ఏడో తరగతి సగటు చూస్తే తల ఎత్తుకోలేకుండా ఉంది అన్నావు. ఫోన్లో విన్నది సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు పరీక్ష రోజు రానివాళ్ల గడిలో ఏం వేశారో చూడు. చాలాచోట్ల తొందరలో సున్నా వేసేస్తారు. 30 మంది ఉన్న తరగతిలో 24 మంది రాసి సగటున 50కి 30 తెచ్చుకున్నారనుకో. రాని ఆరుగురికీ సున్నాలు కలిపితే సగటు 24కి పడిపోతుంది. ఆ లెక్క చూసి నువ్వు సైన్సు టీచరు మీద కోప్పడతావు. పాపం, ఆయన తప్పేమీ ఉండదు. రాయనివాడికి 'ఏ' (ఆబ్సెంట్) అనే పెట్టించు, ఎందుకు రాలేదో పక్కన రాయించు.

తర్వాత, పోయినేటి ఏడో తరగతితో ఈ ఏటి ఏడో తరగతిని పోల్చకు. వాళ్లు వేరు, వీళ్లు వేరు. ఐదో తరగతిలోనే కొందరు గురుకులాలకు వెళ్లిపోతారు. ఆరులో ఒకరిద్దరికి నవోదయ వస్తుంది. కాస్త చేతిలో డబ్బాడే ఇళ్లవాళ్లు పిల్లల్ని ప్రైవేటు బడి బస్సెక్కిస్తారు. అంతా పోగా మిగిలినవాళ్లే నీ తరగతి. ఇప్పుడు ఏడులో ఉన్న ఈ పిల్లలే పోయినేడు ఆరులో ఎక్కడున్నారు, ఇప్పుడెక్కడున్నారు అని చూస్తే బడి చేసిన పని కనిపిస్తుంది.

పోయినేటి హాజరు రిజిస్టరు కూడా తెరువు. పొదిలి అవతల మెట్ట ఊళ్లు కదా, వరుసలు చూడగానే తెలిసిపోతుంది. సంక్రాంతి సెలవుల దాకా నిండుగా ఉన్న వరుసలో ఒక్కసారిగా ఎర్ర సిరా 'ఏ'లు మొదలై మార్చి చివరిదాకా సాగుతాయి. అమ్మానాన్నా మిరపకాయలు కొయ్యడానికి గుంటూరు వైపు వెళ్లారు, పిల్లాడూ వెంట వెళ్లాడు. సరిగ్గా అలాంటి వరుసలు ఎన్నున్నాయో లెక్కపెట్టు. నువ్వు పంపే పట్టికలో ఆ పిల్లాడు 'ఎస్సీ, బాలుడు, తప్పాడు' అని మాత్రమే ఉంటాడు. కానీ వాణ్ణి తప్పించింది కులమూ కాదు, బుర్రా కాదు, ఆ రెండున్నర నెలలు. సమగ్ర శిక్ష పథకం కింద వలస పిల్లలకు సీజనల్ హాస్టళ్లు ఇస్తారు. జనవరిలో అడిగితే లాభం లేదు. పేర్లతో, తల్లిదండ్రులు ఎక్కడికి, ఎప్పుడు వెళ్తారో రాసి దసరా లోపే కాగితం పెట్టు. హాస్టలు రాకపోతే నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంచేలా ఇప్పట్నుంచే మాట్లాడు.

ఇంకొకటి. మీ ఏడులో ఎస్టీ పిల్లలు ముగ్గురే అన్నావు. ఒక్కరు తప్పితే పట్టికలో 33 శాతం తప్పినట్టు పడుతుంది. అది చూసి మీటింగులో ఎవరో ఒకరు 'తండా పిల్లలు ఇంతే' అంటారు. అందుకే శాతం పక్కన సంఖ్య కూడా వెయ్యి. ఆ ముగ్గురినీ నువ్వే విడివిడిగా కూర్చోబెట్టుకో. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల లాభనష్టాల లెక్క తప్పిందనుకో. ఆ లెక్కనే మెల్లగా చదివి వినిపించు. విని చేసేసిందా, ఆమెకు లెక్క వచ్చు, తెలుగు చదవడం రాలేదు. అప్పుడు రోజూ చెయ్యించాల్సింది లెక్కలు కాదు, ఒక పేరా గట్టిగా చదివించడం. ఈ చిన్న పరీక్ష తరగతి మొత్తానికి పెట్టినా మంచిదే, రెండు రోజుల పని.

కులం గడి గురించి నేను చేసిన తప్పు చెప్తాను. కావలి దగ్గర సముద్రం వైపు ఊళ్లో పనిచేసేటప్పుడు స్కాలర్‌షిప్ ఫారాలకు టైమైపోతోందని తరగతిలో నిలబడి 'ఎస్టీలు లేవండి' అన్నాను. యానాదుల పిల్లాడు ఒకడు లేవలేదు. తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. నేను ఇంకోసారి, ఈసారి పేరు పెట్టి పిలిచాను. మర్నాటి నుంచి తొమ్మిది రోజులు బడికి రాలేదు. వాళ్ల నాన్న రొయ్యల గుంట కాపలా. గట్టు మీద గుడిసెకు వెళ్తే తల్లి 'అందరి ముందూ లేవమన్నారంటయ్యా' అంది, అంతే. ఈ రోజుకీ ఆ మాట నా చెవిలో ఉంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ కాగితాలు ఆఫీసు గది దాటనివ్వలేదు, ఒక్కొక్కరినే పిలిచి రాసుకున్నాను. నువ్వూ అలాగే చెయ్యి. ఆ గడి మనం ఎవరిని వదిలేస్తున్నామో తెలుసుకోవడానికి, పిల్లల్ని నిలబెట్టడానికి కాదు.

ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయగలిగినవాళ్లను ఇప్పుడే గుర్తుపెట్టుకో. వస్తే తొమ్మిది నుంచి నాలుగేళ్లు, ఏడాదికి 12,000 రూపాయలు. ఆ డబ్బు ఎంతోమంది ఆడపిల్లల పెళ్లి వాయిదా వేయించడం నేను చూశాను. ఆదాయం, కులం సర్టిఫికెట్లు చివర్లో అడిగితే కూలికి వెళ్లే తల్లి రెండు రోజుల కూలి పోగొట్టుకుంటుంది. ముందే చెప్పు.

తల్లిదండ్రుల కమిటీ ముందు ఈ వివరాలన్నీ పెట్టు, పిల్లల పేర్లు లేకుండా. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం ఆడవాళ్లు. చదువురాని తల్లులకు ఏం అర్థమవుతుందిలే అనుకోకు. మన నెల్లూరు జిల్లాలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లే దూబగుంటలో సారా మీద తిరగబడ్డారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధమైంది. 'ఇంతమంది పిల్లలు రెండు నెలలు బడికి రాలేదు, వచ్చే జనవరిలో ఏం చేద్దాం' అని అడుగు. ఎవరింట్లో ఎవర్ని ఉంచుకోవచ్చో వాళ్లే చెప్తారు.

పట్టిక మాత్రం గడువులోగా పంపించు, ఉన్నది ఉన్నట్టు. మార్కులు పెంచి చూపించొద్దు, వచ్చే పరీక్షలో నీకే దారి తెలియకుండా పోతుంది. దసరా సెలవులకు కావలి వస్తావు కదా, ఏడో తరగతి రిజిస్టరు జిరాక్సు తెచ్చుకో. మీ అత్తయ్యను భోజనాలు త్వరగా పెట్టెయ్యమంటాను, మధ్యాహ్నం కూర్చుని ఒక్కో వరుసా చూద్దాం.

ఇట్లు,
మీ మావయ్య