వంటగది తలుపులకు అమ్మాయి ఫీజు డబ్బు తీయాలా?

ప్రశ్న: విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మాకు సొంత ఇల్లు ఉంది. కింది అంతస్తు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఇంట్లోకి వచ్చినప్పుడు వంటగదిలో కింది కప్‌బోర్డులు నీళ్లలో నానాయి. ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు ఫ్రిజ్జుకు, పరుపులకే సరిపోయాయి. కింద అరలు కడప బండలతో కట్టించినవే గానీ ఎనిమిది తలుపులూ అంచుల్లో ఉబ్బి పైపొర ఊడుతోంది. పైన ఆరు తలుపులు గట్టిగానే ఉన్నా జిడ్డు పట్టి వెలిసిపోయాయి. షోరూంలో మొత్తం తీసేసి కొత్తది బిగించడానికి 3.40 లక్షలు అడుగుతున్నారు. పన్నెండు నెలల వాయిదాలకు వడ్డీ లేదట, ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి 5,900. ఒకేసారి కడితే 25,000 తగ్గిస్తారట. మా వీధి కార్పెంటరు కింది తలుపులు మార్చడానికి 34,000, పైవాటికి రంగు వేయడానికి 12,000 చెప్పాడు. మావారి జీతం 65,000. ఖర్చులు పోను 15,000 మిగులుతుంది. 2.50 లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ ఉంది, అది వచ్చే ఏడాది అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకని దాచాం. రెండు నెలల్లో దసరా, చుట్టాలు వస్తారు. వాయిదాల్లో తీసుకోమంటారా, డిపాజిట్ తీయమంటారా, బంగారం తాకట్టు పెట్టమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మూడూ వద్దు. మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట కడప బండలు. వరద నీళ్లలో నానినా ఆ అరలకు ఏమీ కాలేదు. పాడైంది తలుపులు మాత్రమే. షోరూంవాళ్లు ఆ బండలు పగలగొట్టించి, వాటి స్థానంలో చెక్క పెట్టెలు బిగిస్తారు. ఆ పెట్టెలు చెక్కపొడి అదిమి చేసే పార్టికల్ బోర్డువా, ప్లైవుడ్‌వా అని అడిగారా? పార్టికల్ బోర్డు ఒకసారి నీళ్లు పీల్చి ఉబ్బిందంటే మళ్లీ మామూలు కాదు. సింగ్‌నగర్‌లో కింది అంతస్తులో ఉంటూ, రాయి తీసేసి చెక్కపొడి అట్ట పెట్టించుకోవడానికి 3.40 లక్షలు పోయడం నాకు మింగుడుపడటం లేదు.

ఇక ఆ వడ్డీ లేని వాయిదా సంగతి. ఒకేసారి కడితే మీకు పడేది 3.15 లక్షలు. అంటే ఆ వంటగది అసలు ధర అదే. వాయిదాల్లో నెలకు 28,333 చొప్పున 3.40 లక్షలు, దాని మీద 5,900 కడతారు. తేడా 30,900. నెలనెలా అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్క కడితే ఇది ఏడాదికి సుమారు 18 శాతం వడ్డీ. సున్నా వడ్డీ అనేదే లేదని, వడ్డీని ఫీజు రూపంలో దాస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులను మందలించింది. అయినా దుకాణాల్లో సున్నా వడ్డీ అనే ప్రకటన బోర్డులు ఇంకా దిగలేదు.

సరే, 18 శాతం అయినా ఫర్వాలేదనుకుందాం. మీకు మిగిలేది 15,000, వాయిదా 28,333. మిగతా 13,333 ఎక్కడి నుంచి తెస్తారు? డిపాజిట్‌లోంచే తీయాలి. ఏడాది తిరిగేసరికి దాదాపు 1.60 లక్షలు కరిగిపోతాయి. సరిగ్గా అప్పుడే కాలేజీవాళ్లు ఫీజు కట్టమంటారు. డిపాజిట్‌ను గడువుకు ముందే తీస్తే బ్యాంకులు సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం దాకా వడ్డీ కోస్తాయి. అదేమంత పెద్ద నష్టం కాదు. ఫీజు వేళకు విద్యారుణం కోసం పరుగెత్తాల్సి రావడమే అసలు నష్టం. బంగారం ఆసుపత్రి లాంటి అవసరాలకు ఉండనివ్వండి.

మీ కార్పెంటరు మాటే నయం. కానీ ఆయన లెక్కనూ ఒకసారి చూద్దాం. మీరు పంపిన అంచనా కాగితంలో తలుపు కొలత 30 అంగుళాలు, 18 అంగుళాలు. ఒక్కోటి 3.75 చదరపు అడుగులు, ఎనిమిదింటికి 30. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులకు నాలుగు, అంటే 32 చదరపు అడుగులు. కోతలో పోయే ముక్కలు కలుపుకున్నా రెండు షీట్లు చాలు. ఆయన నాలుగు రాశాడు, ఒక్కోటి 3,600. పోట్లాడకండి, తలుపులు షీటు మీద ఎలా పరుస్తాడో కాగితం మీద గీసి చూపించమనండి. రెండు షీట్లు తగ్గితే 7,200 మిగిలి, 34,000 కాస్తా 26,800 అవుతుంది. అది మీ రెండు నెలల మిగులులోనే వస్తుంది.

కింది తలుపులకు ఐఎస్ 710 గుర్తున్న, అంటే నీళ్లను తట్టుకునే మెరైన్ ప్లైవుడ్డే వాడమనండి. షీటు మీద ఆ ముద్ర చూశాకే కోయనివ్వండి. నాలుగు అంచులూ మూయించాలి, నీళ్లు లోపలికి దిగేది అక్కడి నుంచే. లోపలి వైపు కూడా లామినేట్ పొర అంటించాలి, లేదంటే తలుపు వంకర తిరుగుతుంది. పీవీసీ బోర్డు నీళ్లకు చెడదని ఎవరైనా చెబితే అది నిజమే కానీ వేడికి మెత్తబడుతుంది, పొయ్యి దగ్గర పనికిరాదు. పని మొదలుపెట్టే ముందు పాత తలుపు ఒకటి విప్పించి, అది బిగించి ఉన్న ఫ్రేములో స్క్రూ మళ్లీ బిగించి చూడండి. పట్టు లేకుండా తిరుగుతుంటే ఫ్రేము కూడా పోయినట్టే, ఖర్చు పెరుగుతుంది. ఆ మాట ముందే తేల్చుకోవడం మంచిది.

పైన ఆరు తలుపుల రంగు దసరా తర్వాతకు వాయిదా వేయండి. పండగ ముందు పెయింటర్లు దొరకరు, దొరికినవాళ్లు బేరానికి దిగరు. అప్పటిదాకా వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లతో జిడ్డు వదిలిస్తే సగం పాతదనం పోతుంది. తర్వాత పెయింటరు ఉప్పుకాగితంతో రుద్దకుండా, నునుపైన లామినేట్‌కు పట్టే ప్రైమర్ వేయకుండా నేరుగా ఎనామెల్ పూస్తానంటే ఒప్పుకోకండి. కొన్నాళ్లకే గోరు తగిలితే పొరలుగా లేస్తుంది. 12,000 మూడో నెల మిగులులోంచి ఇవ్వండి, ఇంకా 3,000 చేతిలో ఉంటుంది.

వరద చూసిన ఇల్లు కదా, బీమా మాట మీ ఉత్తరంలో లేకపోవడం నన్ను తలుపులకన్నా ఎక్కువ కలవరపెట్టింది. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా సంస్థలన్నీ భారత్ గృహ రక్ష పేరుతో ఒకే తరహా పాలసీ ఇస్తున్నాయి. వరద, తుపాను నష్టాలు దాని పరిధిలోకి వస్తాయి. ఇంటి కట్టడానికి బీమా చేస్తే, లోపలి సామానుకు ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రక్షణ దానంతటదే వస్తుంది. స్థలం విలువ కలపకుండా, ఇల్లు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చుకే తీసుకోండి. మూడో నెల మిగిలిన 3,000 ప్రీమియం కోసం పక్కన పెట్టండి, చాలకపోతే నాలుగో నెలలో కలపండి. పాలసీ వచ్చే వానాకాలం కన్నా ముందే చేతికి రావాలి. కొత్త తలుపుల బిల్లు, ఫొటోలు పాలసీ కాగితాలతో కలిపి పై అంతస్తులో ఎవరి దగ్గరైనా, లేదా ఫోనులో దాచుకోండి.