అంకె పక్కన టైము

అమ్మడూ,

సూపర్‌మార్కెట్లలో తీసిపారేసిన ఈ-పేపర్ ధరల లేబుళ్ళు (కాగితంలా కనిపించే చిన్న తెరలు) కొని, ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం చూపించే బోర్డు చేసి లంకలో నానమ్మ వరండాలో పెడతావట కదా, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రేడియోలు రిపేరు చేసి బతికినవాణ్ణి. ఇన్నాళ్ళకి ఇంట్లో ఒకరికి ఆ పిచ్చి పట్టిందని సంబరపడ్డాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చిన్న సంగతులు ముందు. లేబుల్‌కి 3 వోల్టులే. ప్రోగ్రామ్ ఎక్కించే అడాప్టర్‌లో వోల్టులు మార్చే జంపర్ క్లిప్పు 5 మీద ఉంటే చిప్పు పోతుంది. లేబుల్‌లో ముందే ఉన్న ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) కాపీ తీసుకోకుండా చెరపకు. చాలా రకాల్లో వైఫై ఉండదు, తక్కువ కరెంటుతో నడిచే జిగ్‌బీ తరహా రేడియో ఉంటుంది కాబట్టి నెట్‌కీ లేబుల్‌కీ మధ్యలో, వైఫై, ఆ రేడియో రెండూ ఉన్న ఈఎస్‌పీ32-సీ6 లాంటి చిన్న సర్క్యూట్ బోర్డు కావాలి. ఈ లేబుళ్ళని మనకి కావలసినట్టు వాడుకోనిచ్చే ఓపెన్ఈపేపర్‌లింక్ ప్రోగ్రామ్ సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. 2.9 అంగుళాలది నానమ్మకి ఆనదు, 4.2 కొను. ఎరుపు ఉన్న తెర మారేటప్పుడు పావు నిమిషం దాకా మిణుకుమంటుంది, చెడిపోయిందనుకోవద్దని ఆవిడకి ముందే చెప్పు.

ఇక నా టెన్షన్. ఆ తెరకి కరెంటు లేకపోయినా బొమ్మ పోదు. అందరూ మెచ్చుకునే గుణం అదే, నాకు భయం పుట్టించేదీ అదే. టీవీ పోతే తెర నల్లబడుతుంది, తెలిసిపోతుంది. ఇది చచ్చిపోయాక కూడా నిన్నటి అంకె చూపిస్తూ కూర్చుంటుంది.

1986 ఆగస్టు వరద గురించి మీ తాతయ్య నీకు చెప్పి ఉండడు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. ఇప్పుడు మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 17 లక్షలకి, లెక్క వేసుకో. మన కొట్టు ముందు నల్లరంగు వేసిన చెక్క ఒకటి ఉండేది. రేడియోలో విన్న నీటిమట్టం అడుగుల్లో అన్నయ్య, అంటే మీ తాతయ్యే, దాని మీద సుద్దముక్కతో రాసేవాడు. ఆ రోజు పొద్దున్న రాశాడు. మధ్యాహ్నానికి రేడియోలో సెల్స్ అయిపోయాయి, తనేమో బియ్యం బస్తాలు అటకెక్కించే పనిలో పడ్డాడు. అంకె అలాగే ఉండిపోయింది. సాయంత్రం పక్కింటాయన వచ్చి చూసి, "పొద్దుటి మీద పెరగలేదు, పర్లేదు" అనుకుని గేదెల్ని పాకలోనే ఉంచేశాడు. అర్ధరాత్రికి నీళ్ళొచ్చేశాయి. మనుషులు డాబా ఎక్కారు. పలుపులు కోయడానికి ఆ చీకట్లో ఎవరూ దిగలేకపోయారు. తెల్లారి చూస్తే పలుపు మెడకి బిగుసుకుని, రాటని ఆనుకునే ఉన్నాయి రెండూ. ఆయన అన్నయ్యని ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత అన్నయ్య బియ్యం ధర రాసినా ముందు టైము రాసేవాడు, ఊళ్ళో వాళ్ళు నవ్వేవారు.

అంచేత ఆ లెక్క ఏ తేదీ, ఎన్ని గంటలదో అంకె పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో పెట్టు. నెట్ పోతే ఆ ఈఎస్‌పీ బోర్డే అంకె తీసేసి "లెక్క రాలేదు" అని పంపాలి. బోర్డుకే కరెంటు పోతే? అప్పుడా టైమే దిక్కు. నానమ్మకి ముందు టైము చూడ్డం నేర్పు, అంకె తర్వాత. ఆయ్ అనేసి ఊరుకోకు. బోర్డు ప్లగ్గు పీకేసి, ఓ పూట ఆగి, ఈ లెక్క ఎప్పటిదని ఆవిణ్ణే అడుగు.

లేబుల్‌లో వేసే బటన్ సెల్స్ జాగ్రత్త తల్లీ. అక్క కొడుకు పాకుతున్నాడు, దొరికిందల్లా నోట్లోకే. మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. మూతకి స్క్రూ బిగించు. అనుమానమొచ్చినా సరే, నేరుగా ఆసుపత్రికే.

ఖర్చుకి మీ నాన్నని అడక్కు, నేను పంపిస్తాను. పాడైన లేబుల్ ఉంటే వచ్చేటప్పుడు ఒకటి తే, విప్పి చూడాలనుంది.

మీ చిన్న తాతయ్య